ప్రాణమున్న కోటు

ఆ పరిశోధనశాలలో ముక్కలక్క అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు జీతాల కాగితంలో ఉండేది, దాన్ని అందరూ అక్కడే వదిలేశారు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని ముక్కలు కోయడం. మాంసం దుకాణం నుంచి మంచులో పెట్టి తెచ్చిన గొర్రె కిడ్నీని యంత్రానికి బిగించి, వణికే బ్లేడుతో ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, చిరగకుండా నీళ్ళలోకి జార్చాలి. ఆ భవనం మొత్తం మీద ఆ పని చేతనైనది ఆవిడొక్కదానికే. చేతకానివాళ్ళంతా ఆవిడకి పై అధికారులు.

ఆ చేతకానివాళ్ళకి పెద్ద వెలుగాయన. ఇది ముక్కలక్క మనసులో పెట్టుకున్న పేరు, నోటితో మాత్రం సార్ అనేది. ఆయన గదిలో గోడ నిండా ఆయన ఫొటోలే. ప్రతి ఫొటోలోనూ పక్కన ఒక నీలి వెలుగు, ఆ వెలుగుని తనే కని పెంచినట్టు ఆయన మొహంలో ఒక మురిపెం.

నిజానికి ఆ వెలుగు ఆయన సొత్తు కాదు. బతికున్న ప్రతి కణమూ తిండిని కాల్చి బలం పుట్టించుకుంటూ ఉంటుంది. ఆ పనిలో ఎన్‌ఏడీహెచ్ అనే పదార్థం ఒకటి పుడుతుంది. కంటికి కనపడని అతినీల కాంతి వేస్తే, రంగూ మందూ కలపకుండానే అది సన్నటి నీలి వెలుగు ఇస్తుంది. కణం చచ్చి ఆ పని ఆగిపోతే వెలుగూ ఆరిపోతుంది. ఇదంతా ఆయన పుట్టకముందే జనానికి తెలుసు. ఆయన తయారుచేసింది ఒక జిడ్డు మందు. అందులో ఊరబెడితే ఒంట్లోంచి తీసిన కిడ్నీ రోజంతా బతికి ఉంటుందని ఆయన వాదన. సాక్ష్యం ఆ వెలుగే. ఉత్త ఉప్పునీళ్ళలో ఉంచిన ముక్క మర్నాటికి తెర మీద పది అంకె దాటేది కాదు. జిడ్డు మందులో ఉంచిన ముక్క ఎనభై, ఎనభై అయిదు చూపించేది. అరవై దాటితే ప్రాణం ఉన్నట్టు. ఆ అరవై దగ్గర గీత గీసింది కూడా ఆయనే.

ముక్క నీళ్ళలో తేలిపోకుండా దాని మీద చిన్న నైలాన్ వల పరుస్తారు. ఆ గిన్నెని చీకటిగదిలో దీపం కింద పెడితే పైనున్న కెమెరా వెలుగుని కొలుస్తుంది. పని అయ్యాక వలలు కడగాలి. కడిగేది కూడా ముక్కలక్కే, ఎందుకంటే గిన్నెలు కడగడం చదువుకున్నవాళ్ళ పని కాదు కదా.

వెలుగాయనకి ఒక నియమం ఉంది. ఖాళీ గిన్నె మీద దీపం వెయ్యకూడదు. ఆ దీపం ఇన్ని గంటలే వెలుగుతుందని, దాన్ని వృథా చెయ్యడం పాపమని ఆయన అనేవాడు. కొత్తగా చేరిన ఒకమ్మాయి, ముక్క లేని గిన్నెని కూడా ఒకసారి కొలిస్తే మంచిది కదా సార్ అని అడిగింది. ఖాళీ కుర్చీకి ఎవరైనా దణ్ణం పెడతారా అన్నాడాయన. అందరూ పగలబడి నవ్వారు. ముక్కలక్క కూడా నవ్వింది. ఆ అమ్మాయి ఆరునెలల్లో వేరే చోటికి వెళ్ళిపోయింది, ఖాళీ గిన్నె సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ముక్కలక్కకి ఈ లోకంలో నచ్చినవాళ్ళు తక్కువ. వెక్కిరించకుండా వదిలేసింది చెల్లెల్ని ఒక్కదాన్నే. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. చెల్లెలు బడిపిల్లల తెల్లచొక్కాలు కుట్టేది. నాలుగేళ్ళ క్రితం ఆమె కిడ్నీలు రెండూ పాడయ్యాయి. అప్పట్నుంచి వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళి, నాలుగేసి గంటలు డయాలిసిస్ మెషీన్ పక్కన పడుకుని రక్తం కడిగించుకుని వస్తోంది. సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమ చేతిలో ఇంక సూది దిగే నరం లేకుండా పోయింది. కుడి చెయ్యి ఇంకో ఏడాది ఆగుతుందేమో అన్నారు. కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ వరసలో ఆమెది పదిహేడో స్థానం.

అలాంటప్పుడు వెలుగాయన మందుని మనుషుల మీద పరీక్షించాలనుకున్నారు. దూరపు ఊళ్ళలో దొరికిన కిడ్నీలు మంచులో పెట్టినా సమయానికి చేరవని చాలావాటిని అసలు తీసుకునేవాళ్ళే కాదు. జిడ్డు మందులో ఒకరోజు ఊరబెట్టి తెస్తే అవీ పనికొస్తాయి. మొదట ముగ్గురు రోగులకి పెట్టి చూద్దామన్నారు. ఆ ముగ్గురిలో చేరేవాళ్ళు మామూలు వరసలోంచి పేరు కొట్టేయించుకోవాలి. ముక్కలక్క జీవితంలో మొదటిసారి వెలుగాయన గది ముందు చేతులు కట్టుకుని నిలబడి, చెల్లెలి పేరు రాయించింది. చెల్లెలు భయపడితే స్వయంగా చీకటిగదికి తీసుకెళ్ళి దీపం కింద ముక్కని చూపించింది. "చూడవే, నిన్న కోసింది. ఇంకా ఎలా బతికుందో చూడు," అంది. చెల్లెలు ఆ నీలి వెలుగుని చాలాసేపు చూసి సంతకం పెట్టింది. పదిహేడో స్థానం పోయింది.

ఆ బుధవారం పదకొండు గంటలకి ఆస్పత్రి కమిటీ వచ్చి వెలుగుని కళ్ళారా చూసి సరే అనాలి. శుక్రవారానికి దూరపు ఊరి నుంచి ఒక కిడ్నీ వచ్చే అవకాశం ఉందని, అది చెల్లెలికే అని ముందే మాట వచ్చింది. చెల్లెలు సంచి సర్దుకుంది కూడా.

ముక్కలక్క ఎనిమిదింటికే వచ్చి, ముందురోజు నుంచి జిడ్డు మందులో ఊరిన ముక్కని గిన్నెలో వేసి, వల పరిచి, దీపం కింద పెట్టింది. తెర మీద ఎనభై నాలుగు. అమ్మయ్య అనుకుంది. తలుపు తియ్యబోతూ చేతి తొడుగు వైపు చూసుకుంటే చూపుడువేలికి ఏదో గోధుమరంగు తడిగుడ్డలాంటిది అంటుకుని ఉంది. కిడ్నీ ముక్క. వల సర్దేటప్పుడు వేలితో పాటు వచ్చేసినట్టుంది.

ఆవిడ వేలి వైపు చూసింది, తెర వైపు చూసింది. ముక్క వేలి మీద ఉంది. గిన్నెలో వల తప్ప ఏమీ లేదు. తెర మాత్రం ప్రాణం ఉందనే అంటోంది.

ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ చేతులు వాటి పని అవి మొదలుపెట్టాయి. ఉప్పునీళ్ళ గిన్నెలకి వాడే వల తెచ్చి, అదీ ఖాళీగానే పెట్టింది. మూడు చూపించింది. ఆ వల కింద వేలి మీది ముక్కని పెట్టింది. నాలుగు. జిడ్డు మందు గిన్నెలకి వాడే వలలు ఒక్కొక్కటే ఖాళీగా పెట్టి చూసింది. ఎనభై రెండు, ఎనభై ఆరు, ఎనభై. ముక్క ఎప్పుడో చచ్చింది, వెలుగుతున్నది వల.

వల ఎందుకు వెలుగుతోందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేకపోయింది. ఉప్పునీళ్ళ వలల్ని ఉత్త నీళ్ళతో తొలిపితే చాలు. జిడ్డు మందు వలలు అలా వదలవు. రెండేళ్ళ క్రితం ఆ జిడ్డు వదలక, ఆఫీసువాళ్ళని సబ్బు అడిగితే నెలల తరబడి పలక్కపోతే, ఆవిడే ఇంటి నుంచి చెల్లెలి సబ్బుపొడి ఒక డబ్బాలో పోసి తెచ్చింది. పిల్లల చొక్కాలు తళతళ మెరవాలని చెల్లెలు ఏరికోరి కొనే పొడి. తెలుపుని ఇంకా తెల్లగా చూపించడానికి అందులో ఏదో కలుపుతారు, అది అతినీల కాంతిలో నీలంగా వెలుగుతుంది. ఎంత కడిగినా నైలానుని పట్టుకుని వదలదు. మందు గొప్పతనం బయటపడింది కూడా సరిగ్గా రెండేళ్ళ క్రితమే.

ఇందులో ఎవరికీ తెలియని సంగతంటూ లేదు. చీకటిగదిలోకి ఎవరొచ్చినా తెల్లచొక్కా కాలరు నీలంగా మెరిసేది. వచ్చినవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు, వెలుగాయన కూడా ఏదో ఒక హాస్యమాడేవాడు. అంత చదువుకున్నవాళ్ళు చొక్కా వెలుగుని చూసి నవ్వి, పక్కనే గిన్నెలో వెలుగుని చూసి చప్పట్లు కొట్టారు. ముక్కలక్కకి వాళ్ళందరి మీదా పట్టరాని అసహ్యం పుట్టింది. ఆ అసహ్యం గదంతా ఒక చుట్టు తిరిగి తన దగ్గరికే వచ్చి ఆగింది. గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తెచ్చి ఆ సబ్బు వెలుగుని చూపించింది తనే కదా.

తొమ్మిదిన్నరకి వెలుగాయన కొత్త కోటుతో వచ్చాడు. ముక్కలక్క అంకెలు రాసిన కాగితం ముందు పెట్టి జరిగింది చెప్పింది. ఆయన కాగితం చూడలేదు.

"ముక్క రసం వలకి పట్టి ఉంటుందమ్మా," అన్నాడు నింపాదిగా. "చూశావా, ముక్క తీసేసినా ప్రాణం నిలిచింది. మన మందు బలం అది."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నవాడు నయం అనుకుంది ముక్కలక్క, వాడి చేతిలో కనీసం కుందేలు ఉంది. ఒక్కసారి వచ్చి ఖాళీ వల చూడమని బతిమాలింది. కమిటీ వెళ్ళాక తీరిగ్గా చూద్దామన్నాడు. శుక్రవారం కిడ్నీ వస్తోంది కదా అని గుర్తుచేసింది. అప్పుడాయన తలెత్తి చూశాడు.

"నీ చెల్లెలి పేరు రాయించింది నేను. కమిటీ వద్దంటే ఆ పేరు ఏ వరసలో ఉంటుందో ఆలోచించుకో. పో, ముక్క పెట్టు."

ఆ మాట అబద్ధం కాదు. ముక్కలక్క కడిగే గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఊరికే నిలబడింది. నోరు మూసుకుంటే శుక్రవారం చెల్లెలి కడుపు కోసి, రోజంతా జిడ్డులో చచ్చిపడి ఉన్న కిడ్నీని పెట్టి కుడతారు. నోరు విప్పితే ఆ కిడ్నీ లేదు, పాత స్థానమూ లేదు, వరస చివర నిలబడాలి. కుడి చెయ్యి ఏడాదే ఆగుతుంది. చెల్లెలికి ఫోన్ చేసి అడుగుదామా అనుకుంది. ఏమని అడుగుతుంది? ఆస్పత్రికి సంచి సర్దుకుని కూర్చున్న మనిషిని చచ్చిన కిడ్నీ కావాలా, ఏదీ లేకపోయినా ఫరవాలేదా అని ఏ నోటితో అడుగుతుంది? కుళాయి కట్టేసింది. రెండు గిన్నెలు తీసుకుని చీకటిగదిలోకి వెళ్ళింది.

కమిటీ అంటే నలుగురు. ముగ్గురు గడియారం చూసుకుంటూ వచ్చారు. నాలుగో ఆవిడ ఆపరేషన్ల డాక్టరమ్మ, చెల్లెలికి కిడ్నీ పెట్టాల్సింది ఆవిడే. వార్డు నుంచి తిన్నగా తెల్లకోటుతోనే వచ్చింది. దీపం వెయ్యగానే కాలర్లూ కోటూ నీలంగా మెరిశాయి. వెలుగాయన తన పాత హాస్యం ఆడాడు, గడియారాలవాళ్ళు నవ్వారు.

తెర మీద ఎనభై ఆరు వెలిగింది. వెలుగాయన పుల్ల పట్టుకుని తెర దగ్గరికి నడిచాడు.

"ఈ గళ్ళు చూడండి. ఇవి కణాల వరసలు. ఇరవై నాలుగు గంటలు గడిచినా ఒక్కటి చెక్కు చెదరలేదు. ఎంత నిండుగా బతికున్నాయో చూడండి."

పావుగంట మాట్లాడాడు. ఏ గడిలో ఎంత ప్రాణం ఉందో పుల్లతో తాకి తాకి చూపించాడు. ఉత్త కుండకి ఊపెక్కువ అని ఊరికే అనలేదు. గడియారాలవాళ్ళు తలలూపారు, ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. ముక్కలక్క ఆ చప్పట్లు ఆగేదాకా ఆగింది.

"సార్, అందులో ముక్క లేదు," అంది.

పుల్ల తెర మీదే ఆగిపోయింది. ముక్కలక్క రెండో గిన్నె ఎత్తి చూపించింది. "ముక్క ఇందులో ఉంది. పొద్దున మామూలు వల వేసి కొలిచాను. నాలుగు చూపించింది. మీరు చూస్తున్నది ఉత్త వల."

మా ముక్కలక్కకి పొద్దుట్నుంచి ఒంట్లో బాగాలేదు, లైటు వెయ్యండి అన్నాడు వెలుగాయన. లైటు వెయ్యొద్దంది డాక్టరమ్మ. నాలుగంటే ఏమిటని అడిగింది. చచ్చిందనమ్మా అంది ముక్కలక్క. మరి ఆ ఎనభై ఆరు ఏమిటంది డాక్టరమ్మ.

"సబ్బుపొడి. మీ కోటు ఉతికేదీ అలాంటిదే. ఒకసారి చెయ్యి దీపం కింద పెట్టండమ్మా."

డాక్టరమ్మ గిన్నె పక్కకి జరిపి కోటు చెయ్యి పెట్టింది. తెర మీద తొంభై ఒకటి వచ్చింది. ఆవిడ చెయ్యి తీసింది, అంకె పడిపోయింది. మళ్ళీ పెట్టింది, తొంభై ఒకటే వచ్చింది.

"ఈ లెక్కన మీ కిడ్నీ కన్నా నా కోటుకే ప్రాణం ఎక్కువ," అందావిడ. "శుక్రవారం దీన్నే పెట్టి కుట్టమంటారా సార్?"

కమిటీ పన్నెండు కాకముందే వద్దని రాసి వెళ్ళిపోయింది. గడియారాలవాళ్ళు తమకి మొదట్నుంచీ అనుమానంగానే ఉందని మెట్ల మీద చెప్పుకున్నారు, చప్పట్లు కొట్టినాయన అందరికన్నా గట్టిగా చెప్పాడు. సాయంత్రానికి వెలుగాయన ఒక నివేదిక తయారుచేశాడు. పొరపాటు పాత్రలు కడిగే సిబ్బంది నిర్లక్ష్యం వల్ల జరిగిందని అందులో ఉంది. ముక్కలక్క చదివి, కడిగింది నేనే, నిజమే అని సంతకం పెట్టింది. దాని కింద తన చేత్తో ఇంకో వాక్యం రాసింది: ఖాళీ గిన్నె కొలవొద్దన్నది ఎవరో అది కూడా రాయండి.

ఆ పౌరుషం ఇంటి గుమ్మం దాకానే వచ్చింది. చెల్లెలు కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది, సర్దిన సంచి తలుపు పక్కనే ఉంది. ముక్కలక్క నిలబడే అంతా చెప్పింది. వేలి మీద ముక్క సంగతి, పుల్ల సంగతి, కోటు సంగతి. కోటు దగ్గర నవ్వించాలని కూడా చూసింది. చెల్లెలు నవ్వలేదు. చేతిలో ఉన్న తెల్లచొక్కాని మడిచి పక్కన పెట్టింది.

"ఆ చీకటిగదికి నన్ను తీసుకెళ్ళింది మీ సార్ కాదు కదక్కా," అంది. "నువ్వు."

చెల్లెలు లేచి సంచిలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టుకుంది. అది చూస్తూ నిలబడ్డ ముక్కలక్కకి వెలుగాయన మీద కోపం చల్లారిపోయింది. ఆయన తనని నమ్మినవాళ్ళకి ఖాళీ వల చూపించాడు, తనూ అదే పని చేసింది.

గురువారం ఆవిడ పనికి వెళ్ళకుండా డాక్టరమ్మ గది ముందు కూర్చుంది. పరీక్షే రద్దయినప్పుడు దానికోసం కొట్టేసిన పేరు కొట్టేసినట్టు ఎలా అవుతుందని అడిగింది. డాక్టరమ్మ చూస్తానంది. చూస్తానంటే ఎన్ని రకాల అర్థాలుంటాయో తెలిసిన మనిషి కాబట్టి ముక్కలక్క శుక్రవారం పొద్దున మళ్ళీ వెళ్ళి కూర్చుంది. తొమ్మిది దాటాక ఒక కాగితం చేతికొచ్చింది.

చెల్లెలు అప్పటికే డయాలిసిస్ గదిలో మెషీన్ పక్కన పడుకుని ఉంది. కుడి చేతికి రెండు గొట్టాలు. ముక్కలక్క మంచం పక్కన నిలబడి, నీ పేరు మళ్ళీ వరసలో పెట్టారే, పదహారో స్థానం అంది.

చెల్లెలు కళ్ళు తెరిచింది. "పదిహేడు కదా?"

ముక్కలక్క చెప్పింది. ఆ దూరపు ఊరి కిడ్నీని మందులో ఊరబెట్టే పని తప్పిపోయాక, నిన్న రాత్రే మంచులో పెట్టి విమానంలో తెచ్చేశారు. ఈసారి సమయానికే చేరింది. వరసలో మొదట ఉన్నావిడకి తెల్లవారుజామున పెట్టారు. మిగతా అందరూ ఒక్కో స్థానం ముందుకి జరిగారు.

చెల్లెలు గొట్టాలు లేని ఎడమ చెయ్యి చాపింది.

"నీ మాట కాదు. కాగితం చూపించు."

ముక్కలక్కకి మొహం మీద కొట్టినట్టయింది. కానీ కోపం రాలేదు. ఇన్నేళ్ళలో ఆ మాట వెలుగాయనతో అనాల్సినవాళ్ళు ఎంతమంది ఉన్నారో, తనతో సహా, అందరూ గుర్తొచ్చారు. కాగితం తీసి ఇచ్చింది. చెల్లెలు దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుని తన పేరు చదివింది, అంకె చదివింది, కింద సంతకం చూసింది, వెనక్కి తిప్పి వెనకవైపు కూడా చూసింది. అక్కడేమీ లేదు. ఒంటి చేత్తోనే నాలుగు మడతలు పెట్టి దిండు కింద పెట్టుకుంది.

"ఇంక కూర్చో అక్కా," అంది. "ఇంకా మూడు గంటలుంది."